నిఫ్టీ 7,610 దగ్గర అమ్మేశాక: హనుమకొండ దంపతుల పోర్ట్‌ఫోలియో కేస్ స్టడీ

పెట్టుబడుల సలహాదారుగా ఈ కేసు నా దగ్గరికి 2021 ఫిబ్రవరిలో వచ్చింది. భర్త ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్, అప్పటికి 48 ఏళ్లు. భార్య ప్రభుత్వ బడిలో టీచర్. ఒక్కతే కూతురు, ఇంటర్ సెకండియర్. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను, మొత్తాలను దగ్గరి అంకెలకు సర్దాను. నిఫ్టీ (యాభై పెద్ద కంపెనీల షేర్ల సూచీ) స్థాయిలు, తేదీలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

కోవిడ్ పతనంలో ఫండ్లు అమ్మేసినవాళ్లు చాలామందే నన్ను కలిశారు. ఈ కేసునే రాయడానికి కారణం ఒక డైరీ. ఎక్కడ కొనాలనుకున్నారో, ఎందుకు ఆగారో ఆ సార్ ప్రతిసారీ తేదీ వేసి రాసుకున్నారు. మార్కెట్ టైమింగ్ (పైన అమ్మి కింద కొనే ప్రయత్నం) మీద మాట్లాడేటప్పుడు అందరం అమ్మకం గురించే మాట్లాడుకుంటాం. అమ్మిన తర్వాత కొనకుండా గడిచిన నెలల్లో మనిషి బుర్రలో ఏం జరిగిందో కాగితం మీద దొరకడం అరుదు. అసలు నష్టమంతా జరిగేది ఆ నెలల్లోనే.

డబ్బు ఎక్కడిది

జనగామ వైపు పిత్రార్జితంగా వచ్చిన భూమిని 2014లో అమ్మారు. వచ్చిన దాంట్లో 24 లక్షలు ఆ జూన్, జూలై నెలల్లో నిఫ్టీ ఇండెక్స్ ఫండ్‌లో (సూచీలోని షేర్లనే కొనే మ్యూచువల్ ఫండ్) పెట్టారు. అప్పుడు నిఫ్టీ 7,600 దగ్గరుంది. షేర్లు కొనకుండా ఇండెక్స్ ఫండ్ ఎందుకు ఎంచుకున్నారని అడిగాను. ఆయన సత్యం కంప్యూటర్స్ పేరు చెప్పారు. 2009 జనవరి 7న లెక్కలు తారుమారు చేశానని ఒప్పుకున్న దాని ఛైర్మన్ రామలింగరాజు లేఖ బయటికొచ్చిన రోజు ఆ షేరు నాలుగింట మూడొంతులకు పైగా పడిపోయింది. మనోళ్ల కంపెనీ, ఎన్నేళ్లయినా ఉంచుకోవచ్చు అనుకుని దెబ్బతిన్న ఇళ్లు తెలుగునాట ఎన్నో ఉన్నాయి, వీళ్ల బంధువుల్లోనూ ఉన్నాయి. అదే సత్యాన్ని కొద్దిరోజుల్లోనే నిఫ్టీ నుంచి తీసేశారు. ఆ 2009లోనే నిఫ్టీ 75 శాతం పెరిగింది. ఒక్క కంపెనీని ఎంతకాలం పట్టుకున్నా దాన్ని దీర్ఘకాల పెట్టుబడి అనలేమని, సూచీ సంగతి వేరని ఆయన అప్పుడే అర్థం చేసుకున్నారు. ఈ విషయంలో నేను కొత్తగా చెప్పాల్సింది ఏమీ లేకపోయింది.

2020 జనవరి 14న నిఫ్టీ 12,362 దగ్గర ముగిసేనాటికి ఆ 24 లక్షలు దాదాపు 40 లక్షలయ్యాయి. రెగ్యులర్ ప్లాన్ (ఏజెంటు కమిషన్ కలిసినది) కాబట్టి డివిడెండ్ల రాబడిలో ఎక్కువ భాగం ఖర్చులకే పోయింది. ఏజెంటు లేని డైరెక్ట్ ప్లాన్ అయితే ఇంకాస్త మిగిలేది.

అదే ఫండ్‌లో మేడం పేరు మీద మరో ఫోలియో (ఫండ్ ఖాతా) ఉంది. 2016 జనవరి నుంచి నెలకు 5,000 సిప్ (నెలనెలా కట్టే విడత). కూతురి పీజీ చదువు కోసం పెట్టుకున్నది.

ఇంట్లో చేతికందే డబ్బు ఎంతుందని అడిగితే సేవింగ్స్ ఖాతాలో 60 వేలని చెప్పారు. నెలకు ఇంటి ఖర్చు 35 వేలు, హోమ్ లోన్ ఈఎంఐ 28 వేలు. అంటే ఫండ్‌లో 40 లక్షలుంటే, చేతిలో ఉన్నది దాదాపు ఒక నెలకు సరిపడా డబ్బు. వైరస్ పేరు ఎవరికీ తెలియనప్పుడే ఈ ఇంటి పెట్టుబడిలో బలహీనత అక్కడుంది.

మార్చి 23

2020 మార్చి 22 ఆదివారం జనతా కర్ఫ్యూ. ఆ సాయంత్రమే తెలంగాణలో లాక్‌డౌన్ ప్రకటించారు. సోమవారం ఉదయం మార్కెట్ తెరిచిన గంటలోపే సెన్సెక్స్ 10 శాతం పడి లోయర్ సర్క్యూట్ తగిలింది, ట్రేడింగ్ 45 నిమిషాలు ఆపేశారు. నిఫ్టీ 7,900 దగ్గర నిలబడింది. ఆ విరామంలోనే సార్ ఫోన్‌లో మొత్తం ఫోలియోకి రిడెంప్షన్ (అమ్మకం ఆర్డరు) పెట్టారు.

ఫండ్ లావాదేవీల్లో చాలామంది పట్టించుకోని విషయం ఒకటి ఇక్కడ చెప్పాలి. ఉదయం పదింటికి రిడెంప్షన్ పెడితే పదింటి ధర రాదు. కటాఫ్ సమయం లోపు పెట్టిన అందరికీ ఆ రోజు ముగింపు ఎన్ఏవీయే (యూనిట్ ధరే) వస్తుంది. విరామం తర్వాత మార్కెట్ తెరుచుకుని ఇంకా పడింది. ఆ రోజు నిఫ్టీ 13 శాతం నష్టంతో 7,610 దగ్గర ముగిసింది. తెర మీద 7,900 చూసి అమ్మిన మనిషికి 7,610 ధర వచ్చింది. ఈ ఒక్క తేడాకే దాదాపు 90 వేలు పోయాయి. గాభరాలో అమ్మేవాళ్లు ధర చూసి అమ్ముతున్నామనుకుంటారు. ఫండ్లలో వాళ్లు అమ్మేది ఇంకా తెలియని ధరకి.

ఖాతాలో 24 లక్షల 60 వేలు పడ్డాయి. 2014లో పెట్టింది 24 లక్షలు. నిఫ్టీ దాదాపు ఆరేళ్ల కిందటి స్థాయికి వచ్చేసింది కాబట్టి ఆరేళ్ల పెరుగుదల రెండు నెలల్లో తుడిచిపెట్టుకుపోయింది. ఆ రోజు స్టేట్‌మెంట్ చూసి గుండె జారని మనిషి ఉండడు. అమ్మినందుకు ఆయన్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు.

పైగా ఆయన భయానికి మార్కెట్ కాకుండా ఇంకో కారణం కూడా ఉంది. కాలేజీ మూతపడింది. ఏప్రిల్ నుంచి జీతం రాదని చెప్పేశారు. మార్చి 30న తెలంగాణ ప్రభుత్వం ఉద్యోగుల జీతాల్లో సగం వాయిదా వేసింది, దాంతో మేడం జీతం కూడా సగమైంది. కరువు ఏడు గ్రాసం కొనలేక ఎడ్లను అగ్గువకు అమ్ముకునే రైతు పరిస్థితే ఇది. ఎడ్ల ధర పడిపోయేది, ఇంట్లో గింజలు అయిపోయేది ఒకే ఏడు. ఆదాయం, మార్కెట్ రెండూ కలిసి పడడం యాదృచ్ఛికం కాదు. రెంటినీ కింద పడేసేది ఒకే కారణం. అందుకే నేను ఏ ఇంటి లెక్క మొదలుపెట్టినా మొదట చూసేది జీతం ఆగితే ఎన్ని నెలలు నడుస్తుందనే.

మేడం ఫోలియో మాత్రం అలాగే ఉంది. అప్పటికి ఆమె కట్టింది 2 లక్షల 55 వేలు, విలువ 2 లక్షల దగ్గర. సార్ దాన్ని కూడా తీసేద్దామన్నారు. "అవి బిడ్డ పైసలు, దాని చదువుకు ఇంక ఐదేండ్లున్నది, ముట్టొద్దు" అన్నారామె. మార్కెట్ పెరుగుతుందో తగ్గుతుందో ఆమె ఏమీ చెప్పలేదు. ఆ డబ్బు ఎప్పుడు కావాలో చెప్పారు, అంతే.

డైరీలో పది నెలలు

మార్చి 26న మొదటి రాత: "6,800కి సగం, 6,200కి మిగతా సగం." మార్చి 24న తగిలిన 7,511 ఆ పతనం మొత్తంలో అట్టడుగు అని అప్పుడు ఎవరికీ తెలియదు. ఆయన అమ్మిన మర్నాడే అది జరిగిపోయింది.

ఏప్రిల్ 7న నిఫ్టీ ఒక్కరోజులో 8.8 శాతం పెరిగి 8,792కి చేరింది. డైరీలో: "పుల్‌బ్యాక్. మళ్ల పడతది. 7,800." తాత్కాలిక పెరుగుదలేనని ఆయన ఉద్దేశం. మే 4న 5.7 శాతం పడి 9,293 దగ్గర ముగిసింది. ఆ రోజు రాత కింద రెండు గీతలు కొట్టి ఉన్నాయి: "అనుకున్నట్టే అయింది. 8,000 వస్తే మొత్తం." మే నెలలో నిఫ్టీ కనిష్ఠ ముగింపు 8,823. ఎనిమిది వేలు రాలేదు.

తన అంచనా ఒకసారి నిజమైందని ఆయనకు అనిపించిన రోజు ఆ మే 4. డైరీ అంతట్లో ఎక్కువ నష్టం చేసింది ఆ రోజేనని నా అభిప్రాయం. పడుతుందన్నారు, పడింది. కానీ ఆ పడిన ధర కూడా ఆయన అమ్మిన ధరకంటే 22 శాతం పైనే ఉంది. అంచనా నిజమైందన్న సంతోషంలో ఈ లెక్క కంటికి ఆనలేదు.

ఆగస్టు 31న ఏప్రిల్-జూన్ త్రైమాసికం జీడీపీ లెక్కలు వచ్చాయి. మైనస్ 23.9 శాతం. దేశ ఆర్థిక వ్యవస్థకు అంత చెడ్డ అంకె మనం అదివరకు చూడలేదు. ఆ రోజు నిఫ్టీ 11,387, మార్చి 23 కంటే దాదాపు 50 శాతం పైన. డైరీలో: "ఇది బుడగ. అక్టోబరులో పెద్ద కరెక్షన్. 9,500." ఫిజిక్స్ చెప్పే మనిషికి కారణానికీ ఫలితానికీ పొత్తు కుదరకపోతే మనసొప్పదు. మార్కెట్ మాత్రం ఆ మైనస్ 23.9ని మార్చిలోనే ఊహించి పడిపోయింది. ఆర్‌బీఐ మార్చి 27న రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 5.15 నుంచి 4.40కి, మే 22న 4 శాతానికి తగ్గించింది. ఈఎంఐలకు మారటోరియం (వాయిదా) ఇచ్చారు, వీళ్లూ వాడుకున్నారు. ప్రపంచమంతా కేంద్ర బ్యాంకులు డబ్బు కుమ్మరించాయి. ఇవన్నీ పత్రికల్లో వచ్చినవే, ఆయన చదివినవే. ఇన్ని తెలిసినా, ఏది ఎంత బరువు తూగుతుందో ముందే చెప్పగలవాళ్లు ఎవరూ లేరు.

సెప్టెంబరు 24న నిఫ్టీ 10,805కి దిగింది. "10,500 వస్తే 5 లక్షలు" అని రాసుకున్నారు. రాలేదు. నవంబరు 9న 12,461తో జనవరి రికార్డును దాటేసింది. ఆ పేజీలో అంకె లేదు, "ఇప్పుడెట్ల కొంటం" అని మాత్రం ఉంది. 2021 జనవరి 21న సెన్సెక్స్ 50 వేలు తాకింది. నెలాఖరుకి నిఫ్టీ 13,634కి తగ్గితే "13,000" అని రాశారు. ఫిబ్రవరి 1 బడ్జెట్ రోజున 4.7 శాతం పెరిగి 14,281కి వెళ్లింది. డైరీలో ఆఖరి రాత ఆ రోజుదే.

ఈ అంకెలన్నీ నేను ఒక కాగితం మీద వరుసగా రాసి ఆయన ముందు పెట్టాను. కొంటాననుకున్న స్థాయి 6,800 నుంచి 13,000కి, అంటే దాదాపు రెట్టింపు అయింది. అది ఎప్పుడూ అప్పటి ధరకంటే 3 నుంచి 21 శాతం కిందే ఉంది. అంటే ఆయన దగ్గర ఉన్నది కొనుగోలు ధర కాదు, ధర వెనకాలే నడిచే ఒక కోరిక. ఆయన చాలాసేపు ఆ కాగితం వైపే చూశారు.

ఈ మధ్యలో ఇంకోటి జరిగింది. ఖాళీగా పడున్న డబ్బు, ఇంట్లో ఖాళీగా కూర్చున్న మనిషి. ఒక టెలిగ్రామ్ చానెల్ పట్టుకుని బ్యాంక్ నిఫ్టీ ఆప్షన్లలో (బ్యాంకు షేర్ల సూచీ ఎటు కదులుతుందోనని పెట్టే పందేల్లాంటివి) 60 వేలు పోగొట్టుకున్నారు. తొందరగానే మానేశారు కాబట్టి అంతటితో ఆగింది. 2021-22 నుంచి మూడేళ్లలో ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో లెక్క తేల్చింది. దీని మీద ఇంతకంటే చెప్పడానికి నాకేం లేదు.

నేను చేసిన లెక్క

ఆ పది నెలల్లో ఇంటి లోటుకు వాడింది దాదాపు 4 లక్షలు. అది తప్పనిసరి ఖర్చు, దాని మీద చర్చ లేదు. నేను వేసిన ప్రశ్న ఒక్కటే: మార్చి 23న, అదే దరిద్రపు ధరకి, ఆ 4 లక్షలు మాత్రమే అమ్మి ఉంటే?

మిగిలేది 20 లక్షల 60 వేలు. ఫిబ్రవరి మధ్యలో మేం కూర్చున్నప్పుడు నిఫ్టీ 15,300. అంటే 41 లక్షలు దాటేది. ఆయన ఖాతాలో ఉన్నది, వడ్డీ కలుపుకుని ఆప్షన్ల నష్టం తీసేస్తే, 20 లక్షల 50 వేలు. తేడా 20 లక్షల పైమాట.

ఇంకో లెక్క కూడా వేశాను. నా ఉద్దేశంలో అసలైన లెక్క ఇదే. మొత్తం అమ్మేసి, ఏప్రిల్ 30న 9,860 దగ్గర, అంటే అమ్మిన దానికంటే దాదాపు 30 శాతం ఎక్కువ పెట్టి తిరిగి కొన్నా 32 లక్షలు ఉండేవి. అంత ఖరీదైన తప్పు చేసి కూడా ఇప్పుడున్న దానికంటే 11 లక్షలు ఎక్కువ మిగిలేవి. ఆయన నష్టంలో సగానికి పైగా వచ్చింది ముప్పై శాతం ఎక్కువ ధరకు కొనడం వల్ల కాదు, అసలు కొనకపోవడం వల్ల.

ఇలా ఎందుకవుతుందంటే, పెద్ద పతనాలు, పెద్ద పెరుగుదలలు పక్కపక్కనే ఉంటాయి. 13 శాతం పడిన మార్చి 23కీ, 8.8 శాతం పెరిగిన ఏప్రిల్ 7కీ మధ్య రెండు వారాలే. 2009 మే 18న ఎన్నికల ఫలితాల తర్వాతి సోమవారం సూచీలు ఒక్కరోజులో 17 శాతానికి పైగా పెరిగాయి. తెరిచీ తెరవగానే అప్పర్ సర్క్యూట్, ఆగి మళ్లీ తెరిస్తే మళ్లీ సర్క్యూట్, ఆ రోజుకి ట్రేడింగ్ మూసేశారు. బయట నిలబడి ఎదురుచూస్తున్నవాళ్లకు కొనే సందే దొరకలేదు.

మేడం ఫోలియోలో అప్పటికి కట్టింది 3 లక్షల 10 వేలు, విలువ 4 లక్షల 70 వేలు. సార్ అది చూసి, తను ఎవరి మాటా వినకుండా చేశానని బాధపడ్డారు. నేను ఒప్పుకోలేదు. నెలకు 5 వేల సిప్‌లో 55 వేలు తగ్గడం వేరు, 40 లక్షలు 24 లక్షలు కావడం వేరు. ఆ 40 లక్షలు మేడం పేరు మీద ఉండి, జీతం పూర్తిగా ఆగింది ఆమెదే అయితే ఆమె ఏం చేసేవారో మనకు తెలియదు. ఆమె దగ్గర ఉన్నదల్లా ఒక తేదీ. సార్ దగ్గర అది లేదు. ఆ 40 లక్షలు దేనికని నేను అడిగితే ఇద్దరూ వేర్వేరు జవాబులు చెప్పారు.

ఏం చేశాం

20 లక్షల 50 వేలలో మొదట 4 లక్షలు పక్కన పెట్టాం, ఆరు నెలల ఖర్చు. సగం ఎఫ్‌డీ, సగం లిక్విడ్ ఫండ్ (రిస్కు తక్కువ, త్వరగా తీసుకోగల ఫండ్). తర్వాత కూతురి బీటెక్ ఫీజు, ఏడాదికి లక్షన్నర చొప్పున మొదటి మూడేళ్లకు 4 లక్షల 50 వేలు, ఒక్కో ఏడాదికి ఒక్కో ఎఫ్‌డీ. మూడేళ్లలోపు కావాల్సిన డబ్బు ఈక్విటీలో (షేర్లలో, షేర్ల ఫండ్లలో) ఉండకూడదన్నది నేను ఎవరికైనా పెట్టే నియమం. నాలుగో ఏడాది ఫీజు జీతాల్లోంచి కట్టుకోవచ్చు. మిగిలిన 12 లక్షలు ఆయన రిటైర్‌మెంట్‌కి, 2033కి. ప్రైవేటు కాలేజీ కాబట్టి పెన్షన్ లేదు.

ఆ 12 లక్షలు ఒకేసారి పెట్టాలా, విడతలుగానా? 2012లో వాన్‌గార్డ్ సంస్థ అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా మార్కెట్ల మీద చేసిన అధ్యయనంలో మూడింట రెండు వంతుల సందర్భాల్లో ఒకేసారి పెట్టడమే మెరుగైన ఫలితమిచ్చింది. లెక్క ప్రకారం అదే సరి. అయినా ఈ ఇంటికి నేను ఎస్టీపీ చెప్పాను. లిక్విడ్ ఫండ్‌లోంచి నెలకు లక్ష చొప్పున పన్నెండు నెలలు, ఆటోమేటిక్‌గా. పది నెలలు కొనలేకపోయిన మనిషి 15,300 దగ్గర మొత్తం పెట్టి, మర్నెల పది శాతం పడితే ఈసారి శాశ్వతంగా మార్కెట్ వదిలేస్తారని నాకనిపించింది. ఎస్టీపీలో ముఖ్యమైన గుణం సగటు ధర కాదు. ప్రతి నెలా మళ్లీ నిర్ణయం తీసుకోవాల్సిన పని ఉండదు, అదీ దాని విలువ.

సార్ ఒక ప్రశ్న అడిగారు, బాగా చదివి అడిగారు. "జపాన్ సంగతేంటి సార్? 1989ల ఉన్న స్థాయి ఇంకా రాలేదు కదా?" నిజమే. 1989 డిసెంబరు 29న జపాన్ షేర్ల సూచీ నిక్కీ 38,915. దాన్ని దాటింది చివరికి 2024 ఫిబ్రవరి 22న. ఎక్కువకాలం ఉంచితే చాలు, లాభం ఖాయమని నేను ఏ క్లయింటుకీ చెప్పను. జపాన్‌లో అప్పుడు లాభాలకు పొంతన లేని ధరలున్నాయి, ఆ శిఖరం మీద ఉన్నదంతా ఒకేసారి పెట్టినవాళ్లకు ఓపిక కూడా అక్కరకు రాలేదు. అందుకే 20 లక్షల్లో 12 మాత్రమే ఈక్విటీలో, అదీ పన్నెండేళ్లు తాకనవసరం లేని డబ్బు. ఈ జవాబు ఆయనకు నచ్చింది. గ్యారంటీ ఇచ్చి ఉంటే లేచి వెళ్లిపోయేవారని తర్వాత చెప్పారు.

ప్లాన్‌కి పరీక్ష నెల తిరగకుండానే వచ్చింది. మార్చి 24 నుంచి తెలంగాణలో విద్యాసంస్థలు మళ్లీ మూసేశారు. సార్ జీతం సగమైంది. ఏప్రిల్ 12న నిఫ్టీ 3.5 శాతం పడింది. ఎమర్జెన్సీ డబ్బులోంచి నెలనెలా తీసుకున్నారు, ఎస్టీపీ దాని దారిన అది నడిచింది. ఏడాది ముందు ఇదే పరిస్థితిలో మొత్తం అమ్మేసిన మనిషి ఆయనే. మనిషి మారలేదు, ఇంట్లో ఆరు నెలల ఖర్చు ఉంది.

పన్నెండు విడతలు పూర్తయ్యేసరికి సగటు నిఫ్టీ స్థాయి సుమారు 16,400. ఆఖరి విడత నెలలోనే, 2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి మొదలుపెట్టిన రోజు నిఫ్టీ 4.8 శాతం పడింది. జూన్ మధ్యకి 15,300. అంటే ఏడాదంతా పెట్టిన 12 లక్షలు 11 లక్షల 20 వేల దగ్గరున్నాయి. ఫోన్ చేశారు, టెన్షన్‌గానే ఉన్నారు. రెండో ఏడాది ఫీజు ఎఫ్‌డీ ఎప్పుడు మెచ్యూర్ అవుతుందని అడిగాను. ఆగస్టు అన్నారు. ఈ 12 లక్షలు ఎప్పుడు కావాలన్నాను. 2033 అన్నారు. మాట అక్కడితో అయిపోయింది.

2024 జూన్ 4న ఎన్నికల ఫలితాల రోజు నిఫ్టీ 5.9 శాతం పడింది. ఫోలియోలో ఒక్కరోజులో లక్ష రూపాయలు తగ్గింది. ఈసారి ఫోన్ చేసి ఎమర్జెన్సీ ఎఫ్‌డీ విరగ్గొట్టి కొందామా అన్నారు. వద్దన్నాను. భయంతో అమ్మడం, ఆశతో అత్యవసర డబ్బు పెట్టడం ఒకే అలవాటుకు రెండు ముఖాలు. మర్నాడు మార్కెట్ 3.4 శాతం పెరిగితే లాభం పోయిందని ఆయన కొంచెం నొచ్చుకున్నారు. ఆ ఎఫ్‌డీ పని అది కాదని నేను ఇప్పటికీ అంటాను.

2024 సెప్టెంబరు

ఈ కేసులో నన్ను బాగా ఆలోచింపజేసిన భాగం ఇది. సెప్టెంబరు ఆఖరులో నిఫ్టీ 26,200 దాటింది. ఫోలియో విలువ 19 లక్షల 80 వేలు. సార్ వచ్చి, ఈసారి పైన అమ్ముదాం, పడ్డాక కొందాం అన్నారు. కారణాలు గట్టివే చెప్పారు. ధరలు లాభాల కంటే చాలా ముందుకు పరిగెత్తాయి, చిన్న కంపెనీల షేర్లలో పిచ్చి నడుస్తోంది.

నేను కాదనలేదు. రెండు పనులు చేద్దామన్నాను. మొదటిది పన్ను. ఆ జూలై 23 నుంచి దీర్ఘకాల లాభం మీద పన్ను 12.5 శాతం, లక్షా పాతిక వేల మినహాయింపుతో. 7 లక్షల 80 వేల లాభం మీద సెస్సుతో కలిపి 85 వేలు. అంటే మార్కెట్ 4.3 శాతం పడితే గానీ తిరిగి అవే యూనిట్లు రావు, లాభం మాట తర్వాత. రెండోది, అమ్మకం ఆర్డరు పెట్టే ముందే కొనుగోలు స్థాయి, తేదీ రాసి సంతకం చేయడం. ఏ స్థాయికి కొంటారు? అది రాకపోతే ఏ తేదీన, ఏ ధరకైనా సరే కొంటారు?

స్థాయి దగ్గర "20,000" అని రాశారు. తేదీ దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎంతసేపు చూసినా అక్కడ ఏదీ రాయలేకపోయారు. రాయనంతవరకు అమ్మకం లేదనుకున్నాం కాబట్టి అమ్మలేదు.

తర్వాత ఏమైంది? ఆయన చెప్పినట్టే మార్కెట్ పడింది. 2025 మార్చి 4న నిఫ్టీ 22,083. ఏప్రిల్ 7న అమెరికా సుంకాల భయంతో పగటిపూట 21,743 తాకింది. శిఖరం నుంచి 17 శాతం. అంచనా నిజం. కానీ 20,000 రాలేదు. జూన్ ఆఖరుకి నిఫ్టీ 25,500 దాటింది. ఆ కాగితం ప్రకారం అమ్మి ఉంటే, దిశ సరిగ్గా చెప్పి కూడా, 85 వేలు పన్ను కట్టి బయటే నిలబడి ఉండేవారు. 22,000 అని రాసి ఉంటే పన్ను పోగా పది శాతం పైన మిగిలేదన్నదీ నిజమే, అది దాచను. అలా పట్టుకునేవాళ్లు ఉంటారు. అయితే సార్ చేతిరాతలో ఉన్న అంకెలన్నీ, 2020లోవి, 2024లోది, మార్కెట్ చేరిన అడుగుకి కిందే ఉన్నాయి. ఒక మనిషికి వరుసగా అలా జరుగుతుంటే అది దురదృష్టం కాదు, ఆయన భయం కొలిచే తీరు అది. నా దగ్గరికొచ్చే చాలామందిది అదే తీరు.

ఇప్పుడు ఈ ఇంట్లో ఎవరు ఏ ఫోలియో అమ్మాలన్నా ఆ రెండు ఖాళీలు నింపాలి. కూతురు బీటెక్ పూర్తి చేసింది. ఫీజు ఎఫ్‌డీలు వాటి వాటి తేదీల్లో అయిపోయాయి. మేడం సిప్ నడుస్తోంది. 12 లక్షలను డైరెక్ట్ ప్లాన్‌లో మొదలుపెట్టాం కాబట్టి ఖర్చు కూడా తగ్గింది.

మిగిలిన చర్చ 2033 గురించి. రిటైర్‌మెంట్ డబ్బును ఈక్విటీ నుంచి డెట్‌కి (ఎఫ్‌డీలు, బాండ్ల లాంటి వాటికి) ఎప్పుడు మార్చడం మొదలుపెట్టాలి? మూడేళ్ల నియమం ప్రకారం 2030 జూన్ నుంచి, మూడు నెలలకోసారి ఒక భాగం అని నేను రాశాను. దాని పక్కనే "లేదా నిఫ్టీ 35,000, ఏది ముందొస్తే అది" అని చేర్చాలని సార్ పట్టుబడుతున్నారు. మేడం నా వైపు ఉన్నారు. కాగితం మీద ఇంకా ఎవరూ సంతకం చేయలేదు.